జలంధర్ తొలిచూలు

గుడ్డు పొదగడానికి వేడి కావాలి, ఓపిక కావాలి. కోడికి రెండూ పుట్టుకతోనే ఉంటాయి. పశుసంవర్ధక శాఖ దగ్గర రెండూ లేవు కనుక శాఖ ఒక యాప్ చేయించింది.

దాని పేరు 'గూడు'. అది 'మాతృ ఊష్మ మిషన్' కడుపున పుట్టింది. రాజధానిలో ఒక పెద్దాయన ఏదో సభలో మాట్లాడుతూ, కరెంటు పెట్టెల్లో పుట్టిన కోడిపిల్లలకు తల్లి రెక్కల వెచ్చదనం తెలియదు గదా అని కళ్లు తుడుచుకున్నాడట. పెద్దాయన కళ్లు తుడుచుకుంటే శాఖ చూస్తూ ఊరుకోదు. ఊరూరా పొదుగుకొచ్చిన ప్రతి కోడినీ నమోదు చేయాలనీ, అది గుడ్ల మీద కూర్చున్నదీ లేనిదీ రోజూ ఫోటోతో నిరూపించాలనీ ఉత్తర్వు వేసింది. కోళ్లు అంతకుముందు ఎన్నో వేల ఏళ్లుగా ఎవరికీ ఏమీ నిరూపించకుండానే పిల్లల్ని చేస్తున్నాయన్న సంగతి ఆ ఉత్తర్వులో ఎక్కడా రాయలేదు.

నర్సక్కపేటలో గడ్డం కొంరవ్వకు ఈ గోల తెలియదు. ఆమెకు తెలిసిందల్లా తన కాకిపెట్ట పొదుగుకొచ్చిందని. ముక్కు కొస నుంచి కాలిగోరు దాకా నల్లగా ఉండే జాతి అది. అత్త చేతుల్లోంచి వచ్చింది. పోయిన వానాకాలం కొక్కెర రోగం వచ్చి, మెడలు మెలికలు తిరిగి, వాకిలి నిండా ఉన్న కోళ్లు వాకిలి నిండా పడిపోయాయి. రాత్రిళ్లు ఎవరితోనూ కలవకుండా చింతకొమ్మ ఎక్కి పడుకునే పొగరు ఉండబట్టి ఈ ఒక్క పెట్ట మిగిలింది. కొంరవ్వ పొరుగూరు పోయి, వాళ్లనూ వీళ్లనూ బతిమాలి, ఒక నల్లపుంజును తెచ్చి తోడు పెట్టింది. కొంరవ్వ ఒకరిని బతిమాలడం ఊళ్లో ఎవరూ అంతకుముందు చూడలేదు. ట్యాంకర్ వచ్చినప్పుడు ఆమె బిందె ముందు ఇంకో బిందె పెట్టే మగాడు ఆ ఊళ్లో లేడు.

ఇప్పుడా గుడ్లు పిల్లలు కావాలి. ఆ పిల్లలు బతకాలి. లేకపోతే అత్త జాతి కొంరవ్వ చేతుల్లో తెగిపోయినట్టే.

బతకడానికి మందు ఉంది. పిల్లలకు వారం దాటగానే కంట్లో ఒక్క చుక్క వేస్తే కొక్కెర రోగం దగ్గరికి రాదు. ఆ మందు మండలంలోని పశువుల దవాఖానలో ఫ్రిజ్‌లో చల్లగా కూర్చుని ఉంది. నిరుడు కోళ్లు చస్తున్నప్పుడు కూడా అక్కడే, అంతే చల్లగా కూర్చుని ఉంది. నిరుడు అడిగితే సర్వర్ పనిచేయడం లేదన్నారు. ఈసారి అడిగితే, నమోదైన తల్లికి పుట్టిన పిల్లలకే ఇస్తామన్నారు. కొంరవ్వ తిట్టింది. తిట్టి, నమోదు చేసుకోమంది.

ముందుగా చేయాల్సినవన్నీ ఆమె చేసే ఉంది. పొదుగులో రెండు తీర్లున్నాయి. గుడ్ల కోసం కూర్చునే కోడి ఒకటి. కింద ఏమీ లేకపోయినా, ఉత్త గంపలో ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుని, దగ్గరికి వచ్చినవాళ్లనల్లా పొడిచేది ఇంకొకటి. ఈ రెండోదాన్ని చల్లనీళ్ల గోలెంలో మూడుసార్లు ముంచి తీస్తారు. అప్పటికీ బుద్ధి రాకపోతే ఒక ఈక పీకి దాని ముక్కులోనే గుచ్చుతారు. ఆ ఈకను వదిలించుకునే తంటాలో పడి కూర్చోవడం మరిచిపోతుంది. కాకిపెట్టకు ఈ వైద్యం అక్కర్లేదని తేలాక, కొంరవ్వ గంపలో గడ్డి పరిచి, బేసిగా గుడ్లు అమర్చి, ఉరుములకు చెడిపోకుండా పక్కన ఒక ఇనుపమొల, ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ పెట్టింది.

నమోదుకు వచ్చినవాడు జలంధర్. దవాఖానలో సహాయకుడు. మంచివాడు, మెత్తనివాడు, పై నుంచి వచ్చిన మాటను కింద పడనీయకుండా పట్టుకునేవాడు. ఫోన్ తీసి నియమం చదివి వినిపించాడు. ఫోటోలో గుడ్లన్నీ కనబడాలి. కోడి కూడా కనబడాలి. కోడి గుడ్ల మీద కూర్చునే ఉండాలి.

"కోడి కూసుంటే గుడ్లెట్ల గనవడ్తయి బిడ్డా?" అంది కొంరవ్వ. "నువ్వు మీ అవ్వ కడుపుల ఉన్నప్పుడు నీకు ఎవలన్న ఫోటో దీసిన్రా?"

"తీసిన్రవ్వా. స్కానింగు," అన్నాడు జలంధర్ నిజాయితీగా.

వాదన అక్కడ ఆగిపోయింది. మొదటి ఫోటోకు కోడిని ఎత్తారు. అది జలంధర్ మణికట్టును పొడిచింది, యాప్ 'తల్లి గూటిలో లేదు' అంది. దింపారు. 'గుడ్లు లేవు' అంది. సగం ఎత్తి పట్టుకున్నారు. 'తల్లి కూర్చొని లేదు, నిలబడి లేదు, స్థితి అస్పష్టం' అంది. ఈ లోపల గుడ్లు చల్లారుతున్నాయి. ఆఖరికి కొంరవ్వకే ఉపాయం తట్టింది. నులకమంచం మీద నులకను వేళ్లతో జరిపి, ఆ సందుల మీద గుడ్లు పేర్చి, చుట్టూ గంపలోని గడ్డి, మొల, బొగ్గు, మిరపకాయ సర్ది, పైన కోడిని కూర్చోబెట్టింది. కెమెరాను మంచం కిందికి పంపింది. కెమెరాతో పాటు జలంధర్‌నూ పంపింది.

పొదుగుకోడి రోజంతా బిగబట్టుకుని ఒక్కసారే రెట్ట వేస్తుంది. ఆ వాసన ఎరిగినవాళ్లు ఆ సమయంలో ఆ దిక్కు ఉండరు. జలంధర్ ఎరగడు. వెల్లకిలా పడుకుని, నోరు తెరిచి, 'కదలకు తల్లీ' అంటున్న క్షణాన కాకిపెట్ట తన పని కానిచ్చేసింది. ఫోటో మాత్రం బాగా వచ్చింది. యాప్ ఆకుపచ్చగా మెరిసింది.

అది అక్కడితో ఆగి ఉంటే జలంధర్ రోజుకో చొక్కా చొప్పున ఈ గండం గట్టెక్కేవాడు. కానీ మర్నాడు ఫోటోలో ఎండుమిరపకాయ పడింది. యాప్ దాన్ని ఎగాదిగా చూసి, 'అభినందనలు. ఒక పిల్ల జననం. రంగు: ఎరుపు' అని ప్రకటించింది. ఆ పై రోజు మిరపకాయ గడ్డి కిందికి జారింది. వెంటనే జిల్లా నుంచి ఫోన్: నవజాత శిశువు గల్లంతైంది, బాధ్యులెవరు? జలంధర్ గడ్డి వెతికి మిరపకాయను పట్టుకుని, ఇదే అది అని చెప్పాడు. చెబితే, కళేబరాన్ని ఐసు డబ్బాలో పెట్టి పరీక్షకు పంపమన్నారు. పంపాడు. కొద్ది రోజులకు నివేదిక వచ్చింది. మృతికి కారణం: శరీరంలో తేమ పూర్తిగా లోపించుట. తల్లి సంరక్షణలో అలసత్వం కనబడుచున్నది.

"దాని కారం గూడ సూసిన్రా?" అని అడిగింది కొంరవ్వ.

ఆ అలసత్వమే కొంప ముంచింది. తల్లులు నిజంగా విధుల్లో ఉంటున్నారా లేదా తేల్చడానికి మిషన్ ముఖ హాజరు పెట్టింది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం తల్లి తన ముఖాన్ని ఫోన్‌కు చూపాలి. నిబంధన చాలా స్పష్టంగా ఉంది: రెండు కళ్లూ కెమెరా వైపు సూటిగా ఉండవలెను.

కోడికి కళ్లు చెరో పక్క ఉంటాయి. ఈ విషయం పశుసంవర్ధక శాఖకు ఎవరూ చెప్పలేదు. కాకిపెట్ట కుడికన్ను చూపిస్తే యాప్ 'ముఖం సగమే ఉన్నది' అంది. ఎడమకన్ను చూపిస్తే 'మిగిలిన సగం చూపండి' అంది. కుడి సగం ఉదయం, ఎడమ సగం మధ్యాహ్నం ఇస్తామని జలంధర్ బతిమాలాడు. యాప్ బతిమాలితే వినే రకం కాదు. విసిగి, వేసారి, చెమటలు కక్కుతూ అతను ఫోన్‌ను తన వైపు తిప్పుకున్నాడు.

"గిట్ల సూడాలె తల్లీ, గిట్ల," అని కోడికి నేర్పుతూ కళ్లు పెద్దవి చేశాడు.

ఫోన్ టింగుమంది. 'ముఖం గుర్తించబడినది. తల్లి నమోదు సంపూర్ణం.'

జలంధర్ ఫోన్‌ను చప్పున కోడి వైపు తిప్పాడు, కానీ అప్పటికే ఆలస్యమైంది. తప్పు దిద్దమని యాప్‌ను వేడుకున్నాడు. తల్లుల మార్పిడి అక్రమాలను అరికట్టుటకై, పిల్లలు పుట్టువరకు తల్లిని మార్చు అవకాశం లేదంది. ఆ సాయంత్రం అతను ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నాడో లేదో ఫోన్ సైరన్‌లా అరిచింది. తల్లి గూడు విడిచి వెళ్లినది. గుడ్లు ప్రమాదంలో ఉన్నవి. పొద్దున్నే తాఖీదు. గుడ్లను నిర్దాక్షిణ్యంగా విడిచి స్వగృహంలో భోజనం చేసినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదు?

అతను ధైర్యం చేసి మిషన్ డైరెక్టర్ గారికే ఫోన్ కొట్టాడు. తాను మనిషిననీ, మగవాడిననీ, గుడ్లు తనవి కావనీ ఒక్కొక్కటిగా విన్నవించుకున్నాడు. డైరెక్టర్ గారు అంతా సావధానంగా విన్నారు.

"రికార్డు ప్రకారం తల్లి మీరు," అన్నారు. "వాస్తవ పరిస్థితి రికార్డుకు భిన్నంగా ఉన్నచో వాస్తవ పరిస్థితిని సరిచేయవలెను."

మర్నాడు జలంధర్ ఒక దుప్పటి, ఒక లోటా పట్టుకుని కొంరవ్వ వాకిట్లో నిలబడ్డాడు. ముఖం చూస్తే రెండు రోజులుగా మేత ముట్టని పెట్టలా ఉంది. కొంరవ్వ మొదట పడీ పడీ నవ్వింది. తర్వాత ఆలోచించింది. ఫోన్‌కు కావలసింది ఇతని ముఖం. ఇతను వాకిట్లో కూర్చుంటే ఇక తన కోడి జోలికి ఎవరూ రారు. దాన్ని ఎత్తరు, దింపరు, కింద నుంచి చూడరు. ఆమె గుడ్లను, కాకిపెట్టను తిరిగి గంపలోకి మార్చి, వెనక కొట్టంలో కట్టెల మోపు చాటున పెట్టింది. వాకిట్లో ఇంకో గంప పెట్టి, గడ్డి వేసి, అంగట్లో కొన్న తెల్లగుడ్లు పేర్చి, పైన పీట వేసింది.

"కూసో బిడ్డా. మెల్లగ. పలుగుతయి."

జలంధర్ కూర్చున్నాడు. రోజూ మూడు పూటలా ముఖం చూపించాడు. కూర్చున్నంత కాలం ఏ మాట లేదు, ఏ తాఖీదూ లేదు. అసలు అతని ఉద్యోగ జీవితంలో పై అధికారులు అతని పనితీరును మెచ్చుకున్నది ఆ రోజుల్లోనే. తల్లికి పోషకాహారం అని మిషన్ నుంచి ఒక సంచి నూకలు వచ్చాయి. అతని భార్య రాజమణి మధ్యాహ్నం స్కూటీ మీద సద్ది తెచ్చేది. మొదటి రోజు ఆమె నెత్తి కొట్టుకుంది. రెండో రోజు కూర్చుని మాట్లాడింది. నాలుగైదు రోజులు పోయాక, ఆమె గంపలో గడ్డి సర్దబోతే అతను ఆమె చెయ్యి మీద ఒక్కటి వేశాడు. నొప్పి పుట్టేలా కాదుగానీ, ఎందుకు వేశాడో అతనికీ తెలియలేదు.

"గుడ్లు కదలొద్దు," అన్నాడు.

ఇంత క్రమశిక్షణ గల తల్లి రాష్ట్రంలోనే లేదని రాజధాని దాకా పేరు పాకింది. డైరెక్టర్ గారు స్వయంగా వస్తున్నారన్నారు. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. అందులో పెద్దాయన ఫోటో, డైరెక్టర్ గారి ఫోటో, ఒక విదేశీ తెల్లకోడి ఫోటో ఉన్నాయి. డైరెక్టర్ గారు కారు దిగారు, గంప చూశారు, గంప మీద ప్యాంటు వేసుకుని కూర్చున్న మనిషిని చూశారు. క్షణం సేపు ఆయన ముఖంలో ఏదో సందేహం కదిలినట్టే అనిపించింది. వెంటనే టాబ్ చూశారు. టాబ్‌లో అదే ముఖం ఉంది. సందేహం సర్దుకుంది.

"తల్లి ఆరోగ్యం సంతృప్తికరంగా ఉన్నది," అని ఆయన జలంధర్ వీపు తడిమి కెమెరాల వైపు చెప్పారు. "ఈకలు కొంత రాలినట్టు కనబడుచున్నవి. అది సహజమే."

అంతా సవ్యంగా దాటిపోయేదే. సరిగ్గా అప్పుడే వెనక కొట్టంలోంచి కియ్ మని వినబడింది. గుడ్లలో పిల్లలు పెంకులు పొడుస్తున్నాయి. కాకిపెట్ట లోపలి పిల్లలతో గుర్రు గుర్రుమని మాట్లాడుతోంది. డైరెక్టర్ గారు కట్టెల మోపు పక్కకు జరిపించారు.

"ఈ పక్షి ఎవరు? నమోదు కాని పక్షి మిషన్ ప్రాంగణంలో ఉండరాదు. తల్లికి అంటువ్యాధులు సంక్రమించును. తక్షణం బండిలో వేయండి."

పెంకు పగిలే గడియలో కోడి లేస్తే లోపలి పిల్ల ఆరిపోతుంది, పెంకుకు అంటుకుని అక్కడే చస్తుంది. ఇంత కష్టపడి, ఇంత నటించి, గడప దగ్గరికి వచ్చాక. బంట్రోతు గోనెసంచి విప్పుతున్నాడు. కొంరవ్వ తిట్టడానికి నోరు తెరిచింది. తిడితే ఈయన ఇంకా రెండు నియమాలు చదువుతాడని గ్రహించి, కొంగు భుజాన కప్పుకుంది. ఎన్నడూ లేని వినయం తెచ్చుకుంది.

"తొలిచూలు సారు," అంది జలంధర్ వైపు చూపించి. "ఆయనకు చాతగాదు. గా కోడి మంత్రసాని."

జలంధర్ పీట మీద నుంచే మెల్లగా తల ఊపాడు. డైరెక్టర్ గారు టాబ్‌లో వేలితో కిందికీ పైకీ తోశారు. మంత్రసాని అన్న మాట దొరకలేదు కానీ 'సహాయక సిబ్బంది, తాత్కాలికం' అన్న అవకాశం దొరికింది. దొరికినందుకు ఆయనే అందరికన్నా ఎక్కువ సంతోషపడ్డారు. ఒప్పంద పద్ధతిలో, జీతం లేకుండా, భత్యం లేకుండా, కొనసాగిస్తామన్న హామీ లేకుండా, ఎప్పుడైనా తొలగించే హక్కు శాఖకు ఉండేలా కాకిపెట్టను అక్కడికక్కడే నియమించారు. ఈ షరతులకు కోడి ఏమీ అనలేదు. అదే శాఖలో అవే షరతుల మీద పనిచేస్తున్నవాళ్లు మాత్రం ఎవరేమన్నారు కనుక.

సంచి మడిచారు. చప్పట్లు కొట్టారు. వాళ్లు కారెక్కిన కాసేపటికి కాకిపెట్ట రెక్కల కింది నుంచి తడి తడిగా ఒక నల్లటి తల బయటికి వచ్చింది. తర్వాత ఇంకొకటి. పొద్దు గుంకేలోపు ఒక మురిగిన గుడ్డు తప్ప అన్నీ పిల్లలైపోయాయి. బొగ్గుముక్కలకు ప్రాణం వచ్చినట్టు గంపంతా పొర్లాయి. కొంరవ్వ వాటిని చూస్తూ కూర్చుని, చచ్చిపోయిన అత్తను ప్రేమగా ఒక బూతు తిట్టింది.

పిల్లలు యాప్‌లో జలంధర్ పేరు మీదే ఎక్కాయి కనుక వారం పాటు వాకిట్లో ఇద్దరు తల్లులు తిరిగారు. మిషన్ నియమం ప్రకారం పిల్లలు ఎక్కడుంటే జలంధర్ అక్కడుండాలి. కాకిపెట్ట మట్టి గీరితే అతను పక్కన గొంతుక్కూర్చుని నూకలు చల్లేవాడు. ఒక మధ్యాహ్నం గద్ద నీడ వాకిట్లో పడింది. కాకిపెట్ట కెక్కుమని రెక్కలు విప్పింది. అంతే వేగంగా జలంధర్ కూడా రెండు చేతులూ చాపి కూలబడ్డాడు. సగం పిల్లలు దాని కిందికి పరిగెత్తాయి, సగం ఇతని చొక్కా కిందికి దూరాయి. సద్ది తెచ్చిన రాజమణి తడిక దగ్గర నిలబడి ఇది చూసింది.

వారం దాటాక మందు వచ్చింది. నిరుడు రాని మందు, ఈసారి ఇద్దరు ఉద్యోగుల చేతుల మీద ఐసు డబ్బాలో ఊరేగింపుగా వచ్చింది. సీసా మూత తీస్తే ఒక నియమం ఉంది: మొదట తల్లికి, తరువాత పిల్లలకు. తల్లికి వేసినట్టు ఫోటో ఎక్కితేనే పిల్లల వంతు తెరుచుకుంటుంది. అందరూ జలంధర్ వైపు చూశారు. జలంధర్ కొంరవ్వ వైపు చూశాడు. ఆమె ఒళ్లో బుట్ట ఉంది. బుట్ట నిండా నల్లటి పిల్లలు ఒకదాని మీద ఒకటి నిద్రపోతున్నాయి. ఆమె బుట్టను కొంచెం ముందుకు జరిపింది, అంతే.

అతను తల వెనక్కి వాల్చి కన్ను తెరిచాడు.

చుక్క పడింది. టింగుమంది. తర్వాత పిల్లలన్నిటికీ పడింది. జలంధర్ కన్ను చాలా రోజులు ఎర్రగా, నీరు కారుతూ ఉండిపోయింది. అడిగినవాళ్లకు టీకా వేయించుకున్నానని చెప్పేవాడు. పిల్లల్లో ఒక్కటీ పోలేదు. ఆ వానాకాలం కొక్కెర రోగం మళ్లీ వచ్చి, ఊరి మీద చెయ్యి వేసి, కొంరవ్వ వాకిలి దాటుకుని పోయింది.

కథ ఇక్కడ అయిపోవాలి. కానీ ఒక రోజు రాజమణి, స్కూటీ వెనక మొగుణ్ని కూర్చోబెట్టుకుని వచ్చింది. ఇంటికి వచ్చినప్పటి నుంచి ఈయన ఎక్కడ కూర్చుంటే అక్కడే ఉంటున్నాడని చెప్పింది. దిండు మీద ఒళ్లు ఉబ్బించుకుని కూర్చుంటాడు, లెమ్మంటే గుర్రుమంటాడు, దగ్గరికి పోతే చేతి మీద వేస్తాడు. పట్నం డాక్టర్ బలానికి మాత్రలు రాశాడు. వేసుకున్నాక ఇంకా గట్టిగా కూర్చుంటున్నాడు.

"కింద ఏమన్న ఉన్నదా?" అని అడిగింది కొంరవ్వ.

"ఏం లేదత్తా. ఉత్త దిండు."

"గట్లయితే ఉత్త పొదుగు. భయపడకు."

గోలెం నిండా చల్లటి నీళ్లున్నాయి. ఆడవాళ్లిద్దరూ చెరో రెక్క పట్టుకుని జలంధర్‌ను మూడుసార్లు ముంచి తీశారు. మూడో మునకకు అతను ఒళ్లంతా విదిలించుకుని, తన కాళ్ల మీద తాను నిలబడి, చాయ్ అడిగాడు. రాజమణి కళ్లు తుడుచుకుంది. అంతలో కొంరవ్వ చేతిలో పొడుగాటి నల్లటి ఈక ఒకటి కనబడి, ఆమె చప్పున మొగుడి ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టింది. కాకిపెట్ట తోకలోంచి ఎప్పుడు పీకిందో ఏమో.

"అదిగూడ గుచ్చుతవా అత్తా?"

"ఈయనకెందుకు? నీళ్లకే లేసిండు, మంచోడు." కొంరవ్వ ఈకను వేళ్ల మధ్య తిప్పి, దాని కొస పదును చూసింది. "మొన్న వచ్చిండు సూడు, పెద్ద సారు. గాయిన గా కుర్చీల కూసోని ఎన్నేండ్లయితాంది?"

తన పెళ్లికి ముందు నుంచీ ఆయనే ఉన్నాడని రాజమణి చెప్పింది.

"కింద ఏమన్న ఉన్నదా?"

రాజమణి చాలాసేపు నిజాయితీగా ఆలోచించింది. ఏమీ లేదంది.

కొంరవ్వ ఈకను తుడిచి చూరులో, చేతికి అందే ఎత్తులో గుచ్చిపెట్టింది. మిషన్ రెండో దశ ప్రారంభానికి డైరెక్టర్ గారు మళ్లీ నర్సక్కపేటకే వస్తారట. ఊరి మొదట్లో ఫ్లెక్సీ కూడా కట్టేశారు.